గొంగడి మీద ప్రధానం

నా పెళ్ళిచూపులనాడు మా అత్తగారు మా బాపును అడిగిన మొదటి ప్రశ్న, "పిల్ల పనిచేసేది పాత సామాన్ల దుకాణంలనట గదా?" అని. అప్పటికి నేను మ్యూజియంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆ మాట నాకు చాలా ఏళ్ళు మండింది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో గోడలకు కూడా తెలుసు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక మాత్రం ఆవిడ అన్నదాంట్లో తప్పేముందిలే అనిపిస్తోంది.

ఈ మధ్య మ్యూజియంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు మా ఇంటికొచ్చారు. "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఒక్కటి చెప్పండి" అని అడిగారు. ఏ శాసనం గురించో, ఏ శిల్పం గురించో చెప్తానని వాళ్ళ ఆశ. నేను గొంగడి గురించి మొదలుపెట్టేసరికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళకు చెప్పిందే మీకూ చెప్తాను. మీలో ఎవరైనా ఇలాంటి ఉద్యోగంలో చేరితే పనికొస్తుందో లేదో నాకు తెలియదు.

నల్లగొండలో మాది చిన్న మ్యూజియం. కొన్ని గదులు, ఒక వరండా, వెనక కొంచెం జాగా, అందులో రెండు వేపచెట్లు. ఎదురుగా దవాఖాన. మాకు వచ్చే జనంలో సగం మంది దవాఖానలో పడకేసిన వాళ్ళ చుట్టాలే. ఎండకు తాళలేక మా వరండాలో కూర్చుని సద్దిమూట విప్పుకునేవాళ్ళు. లోపలికి రండి, చూడండి అని పిలిస్తే, "టికెటా అమ్మా?" అని అడిగి, కాదన్నా నమ్మక, ముడుచుకుని అక్కడే కూర్చునేవాళ్ళు.

తెలంగాణ వచ్చిన తర్వాత మన కళలు, మన పనిముట్లు అన్న మాట ఊపందుకుంది. హైదరాబాదు నుంచి మా పెద్దసారు ఫోన్ చేసి, "అమ్మా, మ్యూజియానికి కుటుంబాలు రావాలి. నెలకో ఆదివారం ఏదో ఒకటి చేయండి" అన్నారు. ఏదో ఒకటి అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మొదటి ఆదివారం మా డ్రాయింగు మాస్టారు పిల్లల చేత బొమ్మలు వేయిస్తానని రంగులన్నీ పరుచుకుని కూర్చున్నాడు. వచ్చింది ఆయన పెళ్ళాం, ఆయన పిల్లలే. సాయంత్రం దాకా వాళ్ళే వేసి, వాళ్ళే చూసుకుని, వాళ్ళే చప్పట్లు కొట్టుకున్నారు.

దాన్ని నిలబెట్టింది మా అటెండరు. గొర్రెలు కాసే కురుమల ఇంటి బిడ్డ, గొంతు డోలు మోత. దవాఖాన గేటు దగ్గర నిలబడి, "పిల్లగాండ్లను తోలుకరాండ్రి, మట్టితోని ఎడ్లబండి చేసుడు నేర్పిస్తరు, ఫుకట్ల!" అని అరిచాడు. అంతే. ఆ తర్వాత మట్టి బొమ్మలు, చిరుతల ఆట, ఒగ్గు డోలు, తంగేడు పూలు దొరికే రోజుల్లో బతుకమ్మ పేర్చడం... ఆదివారం వస్తే మా జాగా పిల్లల కేకలతో నిండిపోయేది. మట్టి చేతులతో అద్దాల పెట్టెలు ముడుతున్నారని నేను అరిచేదాన్ని. నన్ను చూసి పిల్లలు మరింత నవ్వేవాళ్ళు.

మా దగ్గరున్న వస్తువుల్లో నాకు ముద్దైనది ఒక గొంగడి. అది మోత్కూర్ అవతలి ఊరి నుంచి వచ్చింది. ఒకాయన ఆటోలో గుంతమగ్గం కర్రలు, ఆ గొంగడి వేసుకొచ్చి దించాడు. గొర్రెలు అమ్మేసి ఎరువుల దుకాణంలో పనికి కుదిరాడట. "మా నాయిన పోయిండు మేడం. ఇగ మగ్గం ఎవ్వలు నేస్తరు? పొయిల పెట్టుడు కన్న మీకిచ్చుడు నయం" అన్నాడు. కారునలుపు గొంగడి, అంచులకు గోధుమరంగు చార. రంగు అద్దింది కాదు, గొర్రె ఒంటి మీది రంగే. చింతగింజల గంజి పట్టించి నేసింది కాబట్టి అట్టలా నిలబడేది. వానాకాలం పెట్టె తెరిస్తే గొర్రెలమంద పక్కనుంచి పోయినట్టు వాసన వచ్చేది. నేసిన ముసలాయన పేరు చీటీ మీద రాయించి అద్దాల పెట్టెలో పరిచాం.

ఒక ఆదివారం, పిల్లలు మట్టి పిసుకుతుంటే, ఒక అవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. మనవరాలు ఎదురుగా దవాఖానలో రక్తపరీక్షలు చేసే పిల్ల. అవ్వకు కండ్లు చూపించడానికి తీసుకొచ్చి, ఎండ తగ్గేదాకా కూర్చుందామని మా దగ్గరికి తెచ్చింది. అవ్వ గొంగడి ముందు ఆగిపోయింది. ఆగి, అద్దం మీద అరచెయ్యి మోపింది.

"అవ్వా! అద్దం మీద చెయ్యి పెట్టొద్దు!" అన్నాను అలవాటు కొద్దీ.

"పెట్టకుంటె ఎట్ల బిడ్డా," అంది అవ్వ, చెయ్యి తీయకుండానే. "గీ ఉన్ని నేను వడికిన."

ఎవరు, ఏమిటని అడిగాను. గొంగడి ఇచ్చినాయన ఈమె కొడుకు, ఈ పిల్ల తండ్రి. నేసినాయన ఈమె పెనిమిటి. కుర్చీ తెప్పించాను, మంచినీళ్ళు ఇచ్చాను. అవ్వ నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, అసలు సంగతి చెప్పింది.

"బిడ్డా, గిది నాకియ్యి. వచ్చే నెల గీ పిల్ల ప్రధానం. అయిపోయినంక మళ్ల తెచ్చిస్త."

ప్రధానమంటే పెళ్ళి ఖాయమైందని పదిమంది ముందు మగపెళ్ళివాళ్ళు పిల్లకు చీర పెట్టే ముచ్చట. అవ్వ ఇంట్లో ఏ ఆడపిల్లకైనా ఆ చీర, ఇంట్లో నేసిన గొంగడి మీద కూర్చోబెట్టాకే పెట్టాలట. అవ్వ బిడ్డలందరూ దీని మీదే కూర్చున్నారు. మిగిలింది ఈ మనవరాలొక్కతే.

"మరి మీ కొడుకే కదా అవ్వా మాకిచ్చింది?"

"వాడిచ్చిండు. నన్నడిగిండా?"

కోపంగా అనలేదు. ఇవాళ ఎండ ఎక్కువున్నది అన్నట్టు అంది. మనవరాలు సిగ్గుతో, "ఊకో అవ్వా, మేడం ఏం చేస్తది?" అని గొణిగింది. కొత్త గొంగడి ఒకటి కొనుక్కుంటే కాదా అని అడిగాను.

"కొనుక్కొస్తె కూసోవచ్చు బిడ్డా. చలికాలం కప్పుకోవచ్చు. గని గది మా ఇంటిది కాదు గద."

ఆ రోజే పెద్దసారుకు ఫోన్ చేశాను. ఒక్క పూటకు, నేనే వెంట ఉండి, తీసుకెళ్ళి తీసుకొస్తానన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. "బాగుందమ్మా! ఇవాళ పెళ్ళికి గొంగడి అంటారు. రేపు యుద్ధానికి కత్తి అడిగితే అదీ ఇచ్చేస్తారా? గడప దాటడానికి వీల్లేదు." ఆయన చెప్పింది నిబంధనే, తప్పు పట్టలేను. అయినా ఫోన్ పెట్టేశాక ఆ రోజంతా కనబడ్డవాళ్ళందరినీ కసిరాను.

అటెండరు మాత్రం కసురుకు బెదిరే రకం కాదు. స్టూలు లాక్కుని నా ముందు కూర్చున్నాడు. "మేడం, గొంగడి గడప దాటి బయటికి పోవద్దన్నడు గని, ప్రధానం గడప దాటి లోపటికి రావొద్దన్లేదు గద?"

వాడి ముందే గోడ మీది క్యాలెండరు తిప్పాను.

మళ్ళీ సారుకు ఫోన్ చేశాను. వచ్చే నెల కుటుంబ ఆదివారానికి ఊళ్ళో ప్రధానం ఎట్లా జరుగుతుందో పిల్లలకు, పెద్దలకు కళ్ళకు కట్టినట్టు చూపిస్తామన్నాను. ఆయనకు తెగ నచ్చింది. "భేషుగ్గా ఉంది! నేనే ముఖ్య అతిథిగా వస్తాను" అన్నారు. నేను చెప్పింది అబద్ధమైతే కాదు. పెళ్ళికూతురు నిజం పెళ్ళికూతురు అన్న ఒక్క ముక్క నోట్లోనే ఉండిపోయింది, అంతే.

అవ్వకు నా షరతులు వరుసగా అప్పజెప్పాను. గొంగడి మీద పసుపు పడొద్దు, కుంకుమ పడొద్దు, దీపం దగ్గరికి రావొద్దు, అక్షింతలు పిల్ల తల మీదే వేయాలి. అవ్వ అంతా విని, "గొంగడికి పసుపెందుకు బిడ్డా? పసుపు పిల్లకు" అంది.

ఆ రోజు ఫాల్గుణమాసపు ఎండ చిటపటలాడుతోంది. పొద్దున్నే వేపచెట్ల కింద షామియానా వేయించాం. అవ్వ వైపు వాళ్ళు, మగపిల్లవాడి వైపు వాళ్ళు డీసీఎం వ్యాన్లలో దిగారు. ఊళ్ళోంచి కుటుంబాలు వచ్చాయి, దవాఖాన చుట్టాలు సరేసరి. ప్రధానం చూస్తే పుణ్యమని, సెలైను సీసా పైకెత్తి పట్టుకుని ఒక రోగి కూడా వచ్చి నిలబడ్డాడు. డ్రాయింగు మాస్టారు ముగ్గులు వేసే పనిలో పడ్డాడు. ముఖ్య అతిథికి కప్పే శాలువా తెచ్చే పని కూడా ఆయనదే.

పెట్టె తెరిచి గొంగడిని నేనూ అటెండరూ మెల్లగా తీశాం. వాడు దాన్ని రెండు చేతుల మీద పసిపిల్లను మోసినట్టు మోసుకుంటూ షామియానాలోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే పెద్దసారు కారు ఆగింది. డోలు మోగింది. సారు నవ్వుతూ నేరుగా షామియానాలోకి నడిచొచ్చారు. నేను మాస్టారు వైపు చూశాను. మాస్టారు తన ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు. శాలువా ఇంట్లో బల్ల మీదే మరిచిపోయి వచ్చాడు మహానుభావుడు.

మన దగ్గర పెద్దమనిషి వస్తే గొంగడి కప్పడం మర్యాద. అటెండరు తాతల నాటి నుంచీ వాళ్ళ రక్తంలో ఉన్న పని అది. ఎదురుగా పెద్దమనిషి, చుట్టూ జనం, చెవుల్లో డోలు, చేతుల్లో గొంగడి. నేను "ఆగరా" అనేలోపే వాడు ముందుకు నడిచి, ఒక్క దులుపు దులిపి, గొంగడిని సారు భుజాల మీద కప్పేశాడు. జనం ఈలలేశారు. ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. తర్వాత అడిగితే, "నేనేం చెయ్యలే మేడం, నా చేతులు ఆగలె" అన్నాడు.

సారు మురిసిపోయారు. చెమటలు కారుతున్నా గొంగడి దించలేదు. అంచు పట్టుకుని చూసి, "అద్భుతం! చేనేతేనా? మా ఇంట్లో సోఫా మీద వేస్తే ఎంత బాగుంటుంది!" అన్నారు. అన్నేళ్ళుగా తనిఖీలకు వస్తున్న మనిషి, మా అద్దాల పెట్టెలో ఏమున్నదో ఒక్కసారైనా కళ్ళతో చూసి ఉంటే కదా తెలిసేది! ఇటు చూస్తే మ్యూజియం వస్తువు సోఫాకు పోతోంది, అటు చూస్తే పిల్ల కూర్చునే వేళవుతోంది. ఏదైతే అదవుతుందని, "సార్, అది..." అంటూ ముందుకు కదిలాను.

నా ముంజేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. అవ్వ.

"ఒద్దు బిడ్డా. కప్పినంక గుంజుకోవద్దు. మనిషిని పిలిచి తలకాయ తీసినట్టైతది."

"మరి నీ మనవరాలు, అవ్వా?"

అవ్వ నా చెయ్యి వదల్లేదు. నెల రోజులుగా ఈ ఒక్క గడియ కోసం తిరిగిన మనిషి, తీరా చేతిదాకా వచ్చినదాన్ని మర్యాద కోసం వదిలేసుకుని నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను కూడా, దాచుకునేదేముంది! మగపెళ్ళివాళ్ళలో ఒకాయన, "యాళ్లయితాంది, చాప మీదనే కూసోబెడ్దాం తియ్యి" అంటున్నాడు.

అప్పుడు కదిలింది పెళ్ళికూతురు. అప్పటిదాకా తల వంచుకుని అత్తల మధ్య నిలబడ్డ పిల్ల, నడుచుకుంటూ వెళ్ళి సారు కాళ్ళకు దండం పెట్టింది. కాళ్ళకు మొక్కిన పెళ్ళికూతురి చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా పంపే పెద్దమనిషి మన వైపు ఎక్కడా ఉండడు. సారు కంగారుగా జేబు తడుముకున్నారు.

"పైసలొద్దు సార్," అంది ఆ పిల్ల లేచి నిలబడి. "నాకు కూసునేటందుకు జాగ కావాలె."

"జాగా ఏమిటమ్మా?"

"మీ భుజం మీదున్నది మా తాత నేసిండు. మా అవ్వ వడికింది. మా ఇంట్ల ఆడివిల్లలు దాని మీదనే కూసుంటరు సార్."

డోలు ఆగింది. సారు ఆ పిల్లను చూశారు, అవ్వను చూశారు, చివరకు నన్ను చూశారు. తలుపులోంచి కనబడుతున్న ఖాళీ అద్దాల పెట్టె వైపు నేను వేలు చూపించాను.

"ఇది... మనదా?" అన్నారు గొంతు తగ్గించి.

"మనదే సార్."

"మరి ఈ అమ్మాయి? నిజంగానే పెళ్ళికూతురా?"

"నిజంగానే సార్."

నా ఉద్యోగం ఆ క్షణాన ఆయన నాలుక చివర వేలాడుతోంది. ఆయన నన్ను గుర్రుగా చూశారు. ఆ తర్వాత, ఆ మహానుభావుడి కడుపు చల్లగుండ, గొంగడి దించి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, కిందికి వంగి, తన చేతులతోనే చాప మీద పరిచారు. ముడతలు కూడా సవరించారు. వాళ్ళలో గొంగడి పరిచేది మేనమామ. జనంలోంచి ఎవరో, "సారు మేనమామైండు! మ్యానమామ కట్నం తప్పది సారూ!" అని కేక వేశారు. షామియానా ఎగిరిపోయేలా నవ్వులు. సారు కూడా నవ్వేశారు.

పిల్ల కూర్చుంది. చీర పెట్టారు, పూలు పండ్లు ఇచ్చారు, తల మీద అక్షింతలు వేశారు. అవ్వ మనవరాలి పక్కన చేరి, గొంగడి అంచును మాటిమాటికీ నిమురుతూ కూర్చుంది. ఊళ్ళోంచి వచ్చిన పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. అంత నిశ్శబ్దంగా మా మ్యూజియంలో పిల్లలు ఉండటం నేను మొదటిసారి చూశాను.

కష్టం తర్వాత మొదలైంది. భోజనాల దగ్గర రెండు వైపుల పెద్దలూ కలిసి తీర్పు చెప్పేశారు. సారుకు కప్పిన గొంగడి సారుది. సారు పిల్లకిచ్చిండు కాబట్టి ఇక పిల్లది. "న్యాయమంటె న్యాయమే" అన్నాడు మగపిల్లవాడి తాత, మీసం తుడుచుకుంటూ. వాళ్ళ లెక్కన అందులో తిరకాసేమీ లేదు. నేను పరుగున కారు దగ్గరికి వెళ్ళి సారుకు చెప్పాను. ఆయన సీట్లో సర్దుకుని కూర్చుని, "మీరు చూసుకోండి మేడం" అని అద్దం పైకెత్తుకున్నారు. పెద్ద ఆఫీసర్లు ఎందుకు పెద్ద ఆఫీసర్లయ్యారో మీకూ ఏదో ఒకరోజు తెలుస్తుంది.

నేను వెనక్కి వచ్చి వరండా మెట్ల మీద కూలబడ్డాను. అడిగితే ఇస్తారు, అది నాకు తెలుసు. కొడుకు చిన్నబుచ్చుకుని, తిరిగి తెచ్చి పెట్టెలో పడేస్తాడు. కానీ గుంజుకోవద్దన్న మనిషి దగ్గర్నుంచి ఏ మొహం పెట్టుకుని గుంజుకోను? మెమో వస్తే రానీ, జీతం కోస్తే కోయనీ, అడగను అనుకున్నాను. అటెండరు వచ్చి నా పక్కనే నిలబడ్డాడు.

డీసీఎంలు హారన్లు కొడుతున్నాయి. పిల్ల గొంగడిని మడతపెట్టి తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది. అవ్వ మడత విప్పి, అంచులు సరిచేసి, మళ్ళీ మడిచింది. కొడుకు వచ్చి, "పోదాం పా అవ్వా" అన్నాడు. అవ్వ లేచింది. బండి వైపు కాదు, మెట్ల వైపు వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"గప్పుడు వాడిచ్చిండు," అంది కొడుకు వైపు గడ్డం విసిరి. "గిప్పుడు నేనిస్తున్న. తీసుకో బిడ్డా."

తీసుకోవడానికి చేతులు చాపబోయాను. ఎందుకో చేతులు చాలవనిపించింది. పుట్టింటికి పోయినప్పుడు మా అమ్మ ఒడిబియ్యం పోస్తే పట్టుకున్నట్టు, కొంగు పట్టాను. అవ్వ గొంగడిని అందులో పెట్టింది.